ఒకే ఇంజిన్... 47 ఏళ్ల పరీక్ష

‘ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్’. 2005లో వచ్చిన సినిమా ఇది. పేరు వినగానే మనవాడెవరో రికార్డు కొట్టాడనుకుంటాం. కాదు. ఇక్కడ ఇండియన్ అంటే అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో తయారైన మోటార్‌సైకిల్ పేరు. దాని మీద కూర్చున్నది బర్ట్ మన్రో అనే న్యూజిలాండ్ దేశస్థుడు. ఆంథొనీ హాప్కిన్స్ ఆ పాత్ర వేశారు. సినిమా చాలామంది చూసే ఉంటారు. కానీ అందులో కొన్ని నిమిషాల్లో అయిపోయే పని నిజ జీవితంలో నలభై ఏళ్లకు పైగా పట్టింది. ఆ పని గురించే ఈ కథ.

ముందు రెండు లెక్కలు చూడండి. 1920లో మన్రో కొన్న ఇండియన్ స్కౌట్ ఇంజిన్ సుమారు 600 సీసీ. గంటకు 55 మైళ్లు, అంటే 89 కిలోమీటర్లు మించి పోయేది కాదు. 1967లో అదే బండి ఒక పరుగులో 190.07 మైళ్ల వేగం అందుకుంది. అంటే దాదాపు 306 కిలోమీటర్లు. అప్పటికి ఇంజిన్ 950 సీసీ అయింది. సీసీ పెరిగింది ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ. వేగం పెరిగింది దాదాపు మూడున్నర రెట్లు. మరి మిగతాది ఎక్కణ్నుంచి వచ్చింది?

మెకానికల్ చదివేవాళ్లే కాదు, ఎవరైనా ఆలోచించాల్సిన ప్రశ్న ఇది.

బతకడన్న పిల్లాడు

హెర్బర్ట్ జేమ్స్ మన్రో 1899 మార్చి 25న న్యూజిలాండ్ దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో పుట్టారు. కవల చెల్లెలు పురిట్లోనే చనిపోయింది. ఈ పిల్లాడు కూడా రెండేళ్లకు మించి బతకడని డాక్టర్లు తల్లిదండ్రులకు చెప్పేశారు. ఆ పిల్లాడు 78 ఏళ్లు బతికాడు, అదీ ఇంత వేగంతో ఆడుకుంటూ.

వాళ్లది వ్యవసాయ కుటుంబం. ఎడెన్‌డేల్ దగ్గర పొలం పనుల్లోనే పెరిగారు. గుర్రాలంటే ఇష్టం, వేగమంటే ఇంకా ఇష్టం. చదువు చెప్పుకోదగ్గది కాదు. ఇంజినీరింగ్ కాలేజీ గడప ఆయన తొక్కలేదు. 21 ఏళ్ల వయసులో ఇండియన్ స్కౌట్ కొన్నారు. కొన్నాళ్లు రేసింగే వృత్తిగా పెట్టుకున్నారు. అంతలో 1930ల మాంద్యం వచ్చింది. ఇంటికొచ్చి మళ్లీ పొలం చూసుకోవాల్సొచ్చింది. ఆ తర్వాత మోటార్‌సైకిళ్లు అమ్మే పనిలో, రిపేర్లు చేసే పనిలో కుదురుకున్నారు.

పగలు ఉద్యోగం, రాత్రి సొంత బండి పని. చాలాసార్లు తెల్లవార్లూ షెడ్డులోనే ఉండి, నిద్ర లేకుండానే పొద్దున డ్యూటీకి వెళ్లిపోయేవారు. 1936 మోడల్ వెలోసెట్ బండి మీదా ప్రయోగాలు చేశారు. కానీ ప్రాణమంతా ఆ స్కౌట్ మీదే. దానికి మార్పులు చేయడం 1926లో మొదలుపెట్టారు. పాత బండిని మనం వింటేజ్ అని మురిపెంగా పిలుచుకుంటాం కదా, ఆయన దృష్టిలో అది వింటేజ్ కాదు. ఇంకా పూర్తికాని బండి, అంతే.

ఒకటి మారిస్తే ఇంకోటి విరుగుతుంది

పాత ఇంజిన్ నుంచి ఎక్కువ శక్తి రాబట్టాలంటే ఏం చేయాలి? మన ఊళ్లో ఏ మెకానిక్‌ని అడిగినా మొదట చెప్పేది బోరు పెంచమనే. సిలిండర్ వెడల్పు చేస్తే సీసీ పెరుగుతుంది, పేలే మిశ్రమం ఎక్కువ పడుతుంది. నిజమే. కానీ బోరు తొలిచేకొద్దీ సిలిండర్ గోడ పలచబడుతుంది. వేడికి వంకర పోతుంది. ఓ హద్దు దాటాక తొలవడానికి ఇంకేం మిగలదు. అందుకే మన్రో పాత సిలిండర్లను తొలుస్తూ కూర్చోలేదు, కొత్తవి తానే తయారు చేసుకున్నారు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంజిన్ ఊపిరి. స్కౌట్‌ది సైడ్ వాల్వ్ ఇంజిన్. వాల్వులు పిస్టన్ పైన ఉండవు, సిలిండర్ పక్కన ఉంటాయి. గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమం పక్క నుంచి పైకొచ్చి, మలుపు తిరిగి లోపలికి దిగాలి. మామూలు ప్రయాణానికి ఫర్వాలేదు. నమ్మకమైన ఏర్పాటే. కానీ వేగం పెరిగేకొద్దీ ఆ మలుపులో గాలి ఇరుక్కుంటుంది. పైగా పేలుడు జరిగే చోటు పక్కకు పరుచుకుని ఉంటుంది కాబట్టి మిశ్రమాన్ని గట్టిగా నొక్కడానికీ వీలుండదు. ముక్కు మూసుకుని పరుగెత్తమన్నట్టు అన్నమాట. అలాంటి ఇంజిన్‌కి సీసీ ఎంత పెంచినా ఏం లాభం?

మన్రో ఆ ఇంజిన్‌ని ఓవర్‌హెడ్ వాల్వ్‌గా మార్చేశారు. వాల్వులు నేరుగా సిలిండర్ తల మీదకొచ్చాయి. వాటిని తెరవడానికి కింద నుంచి పుష్‌రాడ్లు పెట్టారు. రెండు క్యామ్‌లు ఉన్నచోట నాలుగు చేశారు. దీనివల్ల ఏమైంది? మొదట ఒక సిలిండర్‌లోని రెండు వాల్వులూ ఒకే క్యామ్ చెప్పినట్టు వినాలి. నాలుగు క్యామ్‌లయ్యాక ఏ వాల్వ్ ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచుండాలో విడివిడిగా నిర్ణయించొచ్చు. నా దృష్టిలో ఆయన చేసిన మార్పులన్నింటిలో అసలైనది ఇదే. మిగతా వాటిలో చాలావరకు దీని వెనక వచ్చిన అవసరాలే.

ఎలాగంటారా? ఇంజిన్ ఊపిరి సాఫీ అయింది కాబట్టి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. చుట్లు ఒకటిన్నర రెట్లయితే పైకీ కిందకీ కొట్టుకునే పిస్టన్ వల్ల కనెక్టింగ్ రాడ్ మీద పడే బలం రెండుంపావు రెట్లవుతుంది. చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుందది. 1920లో 55 మైళ్ల కోసం చేసిన రాడ్ దీన్ని ఎక్కడ తట్టుకుంటుంది? విరుగుతుంది. అప్పుడు బలమైన రాడ్ కావాలి. రాడ్ నిలబడితే ఆ వేడికి పిస్టన్ పోతుంది. పిస్టన్ నిలబడాలంటే ఆయిల్ సరిగ్గా అందాలి. పాత ఇంజిన్‌లో ఆయిల్ ఒకసారి వాడాక కాలిపోవడమో కారిపోవడమో తప్ప వెనక్కి రాదు. దాన్ని మళ్లీ మళ్లీ తిరిగేలా మార్చారు. ఇవన్నీ కుదిరాక ఆ శక్తి చక్రానికి చేరాలి కదా, క్లచ్ జారిపోతుంది. 17 ప్లేట్ల క్లచ్ చేసుకున్నారు. ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే పళ్ల చక్రాలు తీసేసి మూడు వరసల చెయిన్ వేశారు.

చదువుతుంటే వరసగా జరిగిపోయినట్టుంది. కానీ ఏళ్ల తరబడి ముందుకీ వెనక్కీ సాగిన పని అది. ఒక చోట బలం పెంచితే అంతదాకా బాగానే ఉన్న పక్క భాగం ఇప్పుడు అందరికంటే బలహీనం అయిపోతుంది. తర్వాత ఏం మార్చాలో విరిగిన ముక్కే చెప్పేది. ఆయనకు వేరే సలహాదారు లేడు.

కొనలేదు... చేసుకున్నారు

డబ్బు మాటకొద్దాం. ఇంత పనికి కావలసిన భాగాలు కొనే స్తోమత ఆయనకు లేదు. ఒకవేళ ఉన్నా, అలాంటి భాగాలు ఎక్కడా అమ్మరు. పాత రేకు డబ్బాలే అచ్చులుగా పెట్టి, లోహం కరిగించి, పిస్టన్లు పోత పోసుకున్నారు. ఫ్లైవీల్స్ సొంతంగా చేసుకున్నారు. కనెక్టింగ్ రాడ్లకు ఓ పాత ట్రాక్టర్ యాక్సిల్ దొరికింది. ఆ ఉక్కును చేత్తో అరగదీసి, రాడ్ ఆకారానికి తెచ్చి, కాల్చి గట్టిపరిచారు. ఆకురాయితో అంత ఉక్కు అరగదీయడమంటే ఎన్నాళ్ల పనో వర్క్‌షాప్ ల్యాబ్‌లో చిన్న ముక్క ఫైలింగ్ చేసినవాళ్లకు తెలుసు. అర గంటకే చేతులు బొబ్బలెక్కుతాయి, వైవా సమయానికి ముక్క ఇంకా వంకరగానే ఉంటుంది.

కొలతలకు మైక్రోమీటర్ బదులు చక్రం పాత స్పోక్ ఒకటి వాడేవారు. ఇది విని నవ్వుకునేముందు ఒక్క మాట. కొలత పరికరం ఖరీదైనది కావడం వేరు, దాన్ని వాడే మనిషికి దాని తీరు పూర్తిగా తెలియడం వేరు. ఆయనకు ఆ స్పోక్ తీరు తెలుసు.

పేలిపోయిన పిస్టన్లు, విరిగిన రాడ్లు, చిట్లిన భాగాలు మన్రో పారేయలేదు. షెడ్డులో ఓ అర నిండా పేర్చిపెట్టారు. అవన్నీ వేగ దేవతకు తాను పెట్టిన నైవేద్యాలని దాని మీద రాసుకున్నారు. సరదాగా రాసిందే అయినా, ఇంజినీరింగ్ లెక్కలో ఆ అరకు చాలా విలువుంది. ఏ రాడ్ ఎక్కడ తెగింది, తెగిన చోట లోహం ఎలా ఉంది, పిస్టన్ తల కరిగిందా లేక అంచు చిట్లిందా... ఇవన్నీ కళ్లముందే ఉంటాయి. ఇప్పుడు కంపెనీల్లో ఫెయిల్యూర్ అనాలిసిస్ అనే విభాగాలు చేసే పని ఇదే.

క్యాంపస్ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్నవాళ్ల రెజ్యూమెలు చూస్తుంటాను. ప్రాజెక్టు కింద పనిచేసిన మోడల్ ఫొటో ఉంటుంది, వచ్చిన ఫలితం ఉంటుంది. విరిగిన ముక్క మాత్రం ఎక్కడా కనిపించదు. ఈ డిజైనే ఎందుకు ఎంచుకున్నావు, ముందు ఏది పోయింది అని అడిగితే చాలామంది తెల్లముఖం వేస్తారు. అలాంటప్పుడు నాకు మన్రో షెడ్డులోని ఆ అర గుర్తొస్తుంది.

షెడ్డే ఇల్లు

ఇదంతా ఊరికే రాలేదు. 1927లో ఆయనకు పెళ్లయింది. భార్య పేరు బెరిల్. నలుగురు పిల్లలు. రాత్రిళ్లన్నీ షెడ్డులో గడిపే మనిషితో సంసారం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 1947లో విడాకులయ్యాయి. తర్వాత ఉద్యోగం మానేసి, ఓ గ్యారేజీలోనే మకాం పెట్టారు. మంచం, బండ్లు, పనిముట్లు అన్నీ ఒకే కప్పు కింద. ఆయన జీవితం చెప్పేవాళ్లు చాలామంది దీన్ని పట్టుదలకు గుర్తుగా చెబుతారు. నేనలా చెప్పలేను. బండి కోసం ఆయన వదులుకున్నవాటిలో కొన్ని ఆయనవి మాత్రమే కావు, ఇంట్లోవాళ్లవి కూడా.

న్యూజిలాండ్‌లో తొలి రికార్డు 1938లో వచ్చింది. తర్వాత మరో ఏడు. పరుగులు ఎక్కువగా ఇన్వర్‌కార్గిల్ దగ్గరి ఒరెటి బీచ్‌లో. తడి ఇసుక గట్టిగా, మైళ్ల కొద్దీ తిన్నగా ఉంటుందక్కడ. ఇక్కడో పక్క మాట చెప్పాలి. మన దగ్గర రోడ్డు మీద తిరిగే బండికి ఇలా ఇంజిన్ మార్చడం కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకూ కంపెనీ ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఈ సరదా ఉన్న విద్యార్థులకు బాహా లాంటి పోటీలున్నాయి. అక్కడ ఎంత కావాలంటే అంత విరగ్గొట్టి నేర్చుకోవచ్చు.

గాలితో గొడవ

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బానెవిల్ అనే చోట ఓ ఉప్పు మైదానం ఉంది. కనుచూపు మేర తెల్లగా, చదునుగా ఉంటుంది. వేగం రికార్డులకు ప్రపంచంలోనే పేరున్న చోటు. మన్రో అక్కడికి పదిసార్లు వెళ్లారు. మొదటిసారి కేవలం చూడ్డానికి. మిగతా తొమ్మిది సార్లు పరుగెత్తడానికి. చేతిలో డబ్బు అంతంత మాత్రమే. ఓడలో సముద్రాలు దాటి, బండిని వెంటేసుకుని, అరవై దాటిన వయసులో, గుండె నొప్పితో.

ఇప్పుడు మొదట్లో వేసిన ప్రశ్నకు వద్దాం. గాలిని చీల్చుకుంటూ పోవడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్ల శక్తి కావాలి. 55 నుంచి 190 అంటే దాదాపు మూడున్నర రెట్లు. దాని ఘనం లెక్కేయండి. నలభై రెట్లు దాటుతుంది. నలభై రెట్ల శక్తి ఆ పాత ఇంజిన్ నుంచి రాబట్టడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఒకచోట ఇంజిన్ వదిలిపెట్టి గాలి సంగతి చూడాలి.

మన్రో అదే చేశారు. బండి చుట్టూ చేప ఆకారంలో ఓ తొడుగు చేశారు. అందులో ముందుకు పడుకుని, తల దించుకుని నడపాలి. గాలి పక్కల నుంచి జారిపోతుంది. ఇంజిన్ మీద ఎంతో ప్రేమ ఉన్న మనిషి, ఇక ఇంజిన్ వల్ల మాత్రమే కాదని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయితే తొడుగుతో కొత్త ప్రమాదం వచ్చింది. నిర్దిష్ట వేగం దాటాక బండి ఊగడం మొదలవుతుంది. గాలి ఒత్తిడి ఎక్కడ ఎక్కువ పడుతుందో అక్కణ్నుంచి బండిని తిప్పేయాలని చూస్తుంది.

ఇంకో లెక్క కూడా మారింది. ఒరెటి బీచ్ సముద్ర మట్టానికే ఉంటుంది. బానెవిల్ సుమారు 4,200 అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడ గాలి పలచన. అడ్డుకునే గాలి తగ్గడం లాభమే. కానీ ఇంజిన్‌కి దొరికే గాలి కూడా తగ్గుతుంది. బీచ్‌లో కుదిరిన కార్బురేటర్ సెట్టింగ్ ఉప్పు మైదానంలో కుదరదు. ఇంట్లో కుదిరిన లెక్క అక్కడికెళ్లి మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. అదీ పరుగుల మధ్య దొరికే కాస్త సమయంలో.

1962లో, 63 ఏళ్ల వయసులో, 850 సీసీకి పెంచిన ఇంజిన్‌తో 178.97 మైళ్ల సగటు సాధించారు. 883 సీసీ తరగతిలో అది రికార్డు. 1966లో 1,000 సీసీ తరగతిలో 168.07 మైళ్లతో మరో రికార్డు. వేగం తగ్గినా రికార్డేమిటని అడగొచ్చు. తరగతి మారింది, అందుకు.

1967లో 950 సీసీ ఇంజిన్‌తో వచ్చారు. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు. బండికి 47. అర్హత కోసం ఒకవైపు చేసిన పరుగులో 190.07 మైళ్లు వచ్చింది. అప్పటికి ఇండియన్ బండి మీద అధికారికంగా నమోదైన వేగాల్లో అదే ఎక్కువ. రికార్డుకు మాత్రం రెండు వైపులా పరుగెత్తి సగటు తీయాలి. గాలి ఒకవైపు సాయం చేస్తే రెండోవైపు అడ్డం పడుతుంది కాబట్టి ఆ నియమం. సగటు 183.59 మైళ్లుగా రాశారు. 1,000 సీసీ లోపు తరగతిలో రికార్డు అది.

ఓసారి ఆ మైదానంలో బండి ఊగడం మొదలైతే, వేగం తగ్గించడానికి తొడుగులోంచి ఒళ్లు పైకెత్తారు. ఎదురుగాలికి కళ్లద్దాలు ఊడిపోయాయి. కళ్లు కనిపించలేదు. దారి పక్కన పాతిన ఇనుప గుర్తుకు అంగుళాల దూరంలోంచి దూసుకుపోయారు. చివరికి బండిని పక్కకు పడేసి, గీరుకుపోయిన ఒంటితో లేచొచ్చారు. ఆ తర్వాత కూడా వెళ్లడం మానలేదు.

1970ల్లో ఆరోగ్యం పాడైంది. 1977లో పక్షవాతం వచ్చింది. ఒళ్లు సహకరించడం లేదని తెలిశాక రెండు బండ్లనూ స్థానిక వ్యాపారికే అమ్మేశారు. డబ్బు కోసం కాదు, అవి తన ప్రాంతం దాటి పోకూడదని. 1978 జనవరి 6న కన్నుమూశారు. ఇన్వర్‌కార్గిల్‌లో ఇప్పటికీ ఓ హార్డ్‌వేర్ దుకాణంలో, సుత్తులు, మేకులు, రెంచీలు అమ్మే చోట ఆ స్కౌట్ కనిపిస్తుంది.

మరో ముక్క మిగిలింది. 1967 నాటి సగటును ఆయన కొడుకు జాన్ చాలా ఏళ్ల తర్వాత మళ్లీ లెక్కేశారు. కూడికల్లో ఎక్కడో తేడా కొట్టింది. అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ కాగితాలు సరిచూసి పొరపాటు నిజమేనని ఒప్పుకుంది. 2014లో, మన్రో చనిపోయిన 36 ఏళ్లకు, రికార్డును 184.087 మైళ్లుగా దిద్దింది. పెరిగింది గంటకు అర మైలు.